నాన్నకి దుర్భిణి కొన్నాం

మిక్సీ కొనాలంటే ఎన్ని వాట్లో చూడాలి, స్టీలు గిన్నె కొనాలంటే అడుగు మందం చూడాలి, పట్టుచీర కొనాలంటే జరీ గీకి చూడాలి. ఇవన్నీ నాకు పెళ్ళయిన కొత్తలోనే మా అత్తగారు నేర్పేశారు. దుర్భిణి కొనాలంటే ఏం చూడాలో మాత్రం పోయిన కార్తీకమాసం దాకా తెలీదు. ఇప్పుడు ఎంత తెలుసంటే, మా వారి స్నేహితుడెవరో కొడుక్కి బైనాక్యులర్స్ కొంటాను, ఏది మంచిదని ఫోన్ చేస్తే, ఆయన మాట్లాడకుండా ఫోను తెచ్చి నా చేతిలో పెట్టారు.

అడిగింది నాన్న. నాన్న అడగడమే వింత. నా పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. ఈ ఇరవై నాలుగేళ్ళలో ఆయన నన్ను నోరు తెరిచి అడిగింది ఒక్కటీ లేదు. ఆ రోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, వానల గురించి, మినుము చల్లడం గురించి, నా కూతురి పరీక్షల గురించి మాట్లాడి, ఇంక పెట్టేస్తారనగా, "అమ్మడూ, నీకు ఫోన్లో వస్తువులు తెప్పించడం తెలుసు కదా, ఒక దుర్భిణి చూస్తావా? పాతది పాడైపోయింది" అన్నారు.

నాన్నకి డెబ్భై అయిదు దాటాయి. నాగాయలంక దగ్గర మా ఊరు. దివిసీమ అంటే తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి సముద్రంలోకి వెళ్తుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య చిక్కిన నేల మాది. గుడివాడ నుంచి వెళ్ళాలంటే పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి దాటి, పులిగడ్డ మీదుగా అవనిగడ్డ, అక్కణ్ణుంచి నాగాయలంక. మా ఇంటి డాబా ఎక్కితే ముందు వరిచేలు, వాటి వెనక రొయ్యల చెరువులు, చెరువుల వెనక ఏమీ పండని పర్ర. ఎండ తేటగా ఉన్నరోజు పర్ర చివర మడచెట్ల గీత సన్నగా, కాటుక పెట్టినట్టు కనిపిస్తుంది. అక్కడినుంచి కృష్ణా అభయారణ్యం మొదలు. ఆ మడల్లోనే చేపల్ని పట్టి తినే బావురుపిల్లి ఉంటుంది. చలికాలం వచ్చిందంటే ఎక్కడెక్కడి పిట్టలో ఆ బురదలో దిగుతాయి.

మోకాళ్ళు పట్టేశాక నాన్న పర్ర దాకా నడవలేరు. రోజుకి రెండుసార్లు మాత్రం కమ్మీ పట్టుకుని డాబా ఎక్కుతారు. ఎక్కి చూస్తే కనిపించేది తెల్లటి చుక్కలు, నల్లటి చుక్కలు. ఏ చుక్క ఏ పిట్టో ఆయనకి తెలియాలి. అదీ ఆయన కోరిక.

ఈ కోరిక వెనక ఒక పాత కథ ఉంది. అది చెప్పకపోతే నాన్న ఏదో పుణ్యాత్ముడని మీరు అనుకుంటారు.

నాన్న వేటగాడు. కుర్రతనంలో ఆయనకి జోడుగొట్టాల తుపాకీ, దానికి లైసెన్సు ఉండేవి. సార్వా కోతలయ్యాక, ధనుర్మాసం చలిలో, స్నేహితులతో కలిసి పరజల వేటకి వెళ్ళేవారట. మా వైపు చేలల్లో, ఒక్కోసారి కైకలూరు చుట్టాలింటికి వెళ్ళి కొల్లేటి అంచుల్లో. పరజలంటే ఈల వేసినట్టు కూసే చిన్న బాతులు. పగలంతా నీళ్ళలో గుంపుగా కునుకుతూ, పొద్దువాలాక చేల మీదకి మేతకి లేస్తాయి. తెల్లారకముందే మళ్ళీ నీళ్ళ మీదకి చేరతాయి. అందుకని వేటంతా మసక వెలుతురులోనే. ఎక్కడ దిగాయో దూరంనుంచి చూసి గట్టు చాటున పాక్కుంటూ వెళ్ళడానికి నాన్న బందరులో ఒక పాత సామాన్ల కొట్లో దుర్భిణి కొన్నారు. దాని మీద రష్యా అక్షరాలుండేవి. నల్లటి తోలు పెట్టె, లోపల ఎర్ర గుడ్డ. చిన్నప్పుడు మేం దాన్ని ముట్టుకోకూడదు.

అప్పట్లో ఇది తప్పనే ఊసు లేదు. వన్యప్రాణి రక్షణ చట్టం 1972లో వచ్చింది. లైసెన్సుతో కొన్ని రకాల పిట్టల్ని కొట్టుకోవచ్చన్న వెసులుబాటు 1991 సవరణతో పూర్తిగా పోయింది. నాన్న అంతకు చాలా ముందే మానేశారు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన వచ్చింది కదా, ఆ తరవాత ఆయన మళ్ళీ తుపాకీ పట్టలేదు. ఎందుకని మేం ఎవరం అడగలేదు. ఆ నవంబరులో చేలల్లో ఏమేం పడి ఉన్నాయో దివిసీమలో పుట్టినవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. తుపాకీని చాలా ఏళ్ళ తరవాత పోలీస్ స్టేషన్లో అప్పజెప్పేశారు. దుర్భిణి మాత్రం ఉంచుకున్నారు.

ఇదంతా మగవాళ్ళ కథ. మా అమ్మ కథ వేరే ఉంది. నేను పుట్టకముందు ఆవిడ కొత్త కోడలిగా ఆ ఇంట్లో చేసిన పని పరజల ఈకలు పీకడం. కోడి ఈక వేడినీళ్ళలో ముంచితే జారిపోతుంది. బాతు ఈకకి నూనె ఉంటుంది, నీళ్ళు పట్టవు. ఒక్కొక్కటీ పీకి, మిగిలిన నూగు మంట మీద కాల్చి, పసుపు రాసి కడిగి, లోపల ఇరుక్కున్న సీసపు గుళ్ళు వేలితో తడిమి తీయాలి. ఒక్క గుండు మిగిలి ఎవరి పంటి కిందైనా పడితే ఆ మాట పడేది అమ్మే. రాత్రి పదింటికి పాతిక పిట్టలు గుమ్మంలో పడేసి "పొద్దున్నే కూర" అనేవారట మా తాతగారు. వేటకి వెళ్ళొచ్చినవాళ్ళ కథలు మా చుట్టాలింట్లో ప్రతి పెళ్ళిలోనూ విన్నాను. ఈకలు పీకినవాళ్ళ కథ ఒక్కసారీ ఎవరూ చెప్పలేదు. అమ్మ కూడా, నేను ఈ దుర్భిణి గొడవలో పడి అడిగితే చెప్పింది.

సరే, కొనడం సంగతి.

ముందు పాతదాన్ని బాగుచేయించవచ్చేమోనని విజయవాడ తీసుకెళ్ళాను. నలభై ఏళ్ళ ఉప్పుగాలి దానికి పట్టింది. అద్దం లోపల సాలెగూడులాగా బూజు అల్లుకుంది. షాపులో అబ్బాయి పైకెత్తి వెలుతురులో చూసి, విప్పి తుడిచినా బూజు అద్దం పైపూతని తినేసి ఉంటుంది, పైగా లోపలి గాజుముక్కలు కదిలిపోయి రెండు కళ్ళకీ రెండు బొమ్మలు వస్తున్నాయి, డబ్బు దండగ అన్నాడు. మధ్యలో మడతబందు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. దగ్గరకి రాదు, దూరానికి పోదు. ఈ మడతబందు సంగతి గుర్తుపెట్టుకోండి.

అదే అబ్బాయి కొత్తవి చూపించాడు. ఎర్రగా మెరిసే అద్దాలవి ఒకటి. "ఇది నైట్ విజన్ మేడమ్" అన్నాడు. కాదు. ఆ ఎరుపు చూపుకి సోకు, అంతే. నిజానికి ఎర్రకాంతిని వెనక్కి కొట్టేసి బొమ్మని పచ్చగా, చల్లగా చేస్తుంది. ఫోన్లో వెతికితే ఇంకా విచిత్రం. వంద రెట్లు పెంచి చూపిస్తుందని ఒకటి, ధర పన్నెండు వందలు. వంద రెట్లు పెంచే దుర్భిణిని చేత్తో పట్టుకుంటే ఏం కనిపిస్తుందో ఒక్కసారి ఆలోచించండి. పిట్ట వందరెట్లు పెరుగుతుంది, మన చేతి వణుకూ వందరెట్లు పెరుగుతుంది.

ఇది అర్థమయ్యాకే మిగతాదంతా నాకు తలకెక్కింది. దుర్భిణి మీద రెండు అంకెలుంటాయి, 8×42, 10×50, ఇలాగ. మొదటిది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో. రెండోది ముందున్న పెద్ద అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. అందరూ మొదటి అంకె చూసి మోసపోతారు. నిజమైన కిటుకు రెండోదాన్ని మొదటిదానితో భాగించడంలో ఉంది. 42ని 8తో భాగిస్తే అయిదుంబావు. అంటే మన కంటి దగ్గరికి వచ్చి పడే వెలుతురు బిళ్ళ అయిదుంబావు మిల్లీమీటర్ల వెడల్పు. జేబులో పట్టే 10×25 తీసుకుంటే ఆ బిళ్ళ రెండున్నరే. మసక పడితే చీకటే.

నాన్న పాతది 7×50. భాగిస్తే ఏడు దాటుతుంది. కుర్రవాళ్ళ కంటిపాప చీకట్లో దాదాపు ఏడు మిల్లీమీటర్లు విచ్చుకుంటుందట. అంటే పాతికేళ్ళ వయసులో, తెల్లవారుజాము వేటకి, ఆ కొట్టువాడు నాన్నకి సరిగ్గా సరిపోయేదే అమ్మాడు. యూరప్‌లో ఇప్పటికీ మసకవేళ వేటకి 8×56 లాంటి పెద్ద అద్దాలవే కొంటారు, కారణం ఇదే. కానీ వయసు పెరిగేకొద్దీ పాప అంత విచ్చుకోదు. డెబ్భై అయిదేళ్ళ కంటికి ఏడు మిల్లీమీటర్ల వెలుతురు పోస్తే సోల గ్లాసులో శేరు పాలు పోసినట్టే. మిగిలిందంతా ఒలికిపోతుంది. దాని కోసం కిలో పైన బరువు మెడకి తగిలించుకోవడం. (పాతదాన్ని వంటింటి కాటాలో తూచాను. పెట్టె కాకుండా కిలో చిల్లర.)

ఇంత వివరంగా నాన్నకి ఫోన్లో చెప్తే విని, కాసేపు ఊరుకుని, "అయితే దుర్భిణి కాదు, నేనే పాతబడ్డాననమాట" అన్నారు. నవ్వారనే అనుకుంటున్నాను.

ఈలోగా తమ్ముడికి తెలిసింది. తమ్ముడు బందర్లో ఉంటాడు. అమ్మానాన్నల ఆసుపత్రులు, మందులు, కౌలు లెక్కలు అన్నీ వాడి నెత్తిమీదే. వాణ్ణి నేను తప్పుపట్టను, ముందే చెప్తున్నా. "అక్కా, నాలుగు నెలల్లో ఎడమకన్ను ఆపరేషన్ ఉంది. వెస్టర్న్ కమోడ్ పెట్టించాలి. ఇప్పుడు పదమూడు వేలు పోసి పిట్టల్ని చూడ్డానికి బొమ్మ కొంటావా? ఆయన నాలుగు రోజులు చూసి మూలన పడేస్తారు" అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. కానీ నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. మనం పెద్దవాళ్ళకి బీపీ మిషన్ కొంటాం, వాకర్ కొంటాం, ఎయిర్ బెడ్ కొంటాం. ఒక్కదానికీ ఎందుకని అడగం. వాళ్ళని బతికించి ఉంచే వస్తువు ఎంతైనా ఖర్చే కాదు. బతికి ఉండి ఏం చూస్తారు, ఏం చేస్తారు అన్నదానికి పైసా తీయాలంటే మాత్రం అందరం లెక్కలు చెప్తాం. పైగా ఆ డబ్బు తమ్ముడిదీ కాదు, నాదీ కాదు. నాన్న మినుముల డబ్బు. తన డబ్బుతో తను ఒక వస్తువు కొనుక్కోవడానికి ఆయన రాత్రి తొమ్మిదింటికి, అమ్మ నిద్రపోయాక, గొంతు తగ్గించి కూతురికి ఫోన్ చేయాల్సి వచ్చింది. ఆ గొంతు తగ్గించడం నాకు నచ్చలేదు.

తమ్ముడు చెప్పిన మర్నాడే నాన్న ఫోన్ చేసి "వద్దులే అమ్మా, ఏదో అన్నాను" అన్నారు.

నేను వద్దులే అన్నదాన్ని వినిపించుకోలేదు. డిసెంబరులో అమ్మానాన్నల్ని గుడివాడ తీసుకొచ్చాను, కంటి డాక్టరుకి చూపించాలన్న మిషతో. డాక్టరుకీ చూపించాం. ఆ ఆదివారం పొద్దున్నే కార్లో ముదినేపల్లి మీదుగా కైకలూరు, అక్కడ ఆటపాక. మా వారి స్నేహితుడొకాయనకి పిట్టలు చూసే అలవాటు. తన దగ్గరున్నవి, తనకి తెలిసినవాళ్ళవి కలిపి నాలుగు జతల బైనాక్యులర్స్ పట్టుకొచ్చాడు. దుర్భిణిని షాపులో గోడవైపు చూసి కొనకూడదు, నీళ్ళ మీద చూసి కొనాలన్నాడాయన. ఇది మాత్రం అందరికీ చెప్పదగ్గ మాట.

ఆటపాక తెలుసు కదా, కొల్లేటి అంచున గూడకొంగలు గూళ్ళు పెట్టేచోటు. పుస్తకాల్లో పెలికాన్లంటారు. అటవీశాఖ వాళ్ళు నీళ్ళలో మంచెల్లా స్టాండ్లు పెట్టారు, వాటి మీద వందల గూళ్ళు. కొల్లేరుని 1999లో అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. చుట్టూ ఉన్న చేపల చెరువుల్లో కొన్నిటిని 2006లో కొట్టేశారు, ఆ గొడవలు గుడివాడ వాళ్ళం అందరం చూశాం. ఇవన్నీ పక్కనపెడితే, అన్ని గూడకొంగలు ఒక్కచోట ఉంటే వాసన మాత్రం చెప్పనలవి కాదు. మా అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని "దీనికా ఇంత దూరం" అంది.

నాన్న ముందు 10×42 అందుకున్నారు. ఎక్కువ రెట్లది కదా. కాసేపు చూసి దించేశారు. చెయ్యి వణుకుతోంది, గూడకొంగ ముక్కు అటూ ఇటూ ఊగుతోంది. పైగా పదిరెట్లదానిలో కనిపించే మేర చిన్నది. ఎగిరే పిట్టని పట్టుకునేలోపు పోతుంది. 8×42 ఇచ్చాక నిలకడగా ఉంది. ఆయన కళ్ళజోడు తీయకుండా చూడాలి, అంటే అద్దానికీ కంటికీ మధ్య కాస్త ఎడం ఉన్నా మొత్తం కనిపించాలి. ఆ ఎడం కనీసం 15 మిల్లీమీటర్లు ఉండేవి కళ్ళజోడువాళ్ళకి కావాలి, డబ్బా మీద రాసి ఉంటుంది. కంటి దగ్గర రబ్బరు గిన్నెలు కిందకి తిప్పేసుకోవాలి. జోడు లేనివాళ్ళు పైకి తిప్పుకోవాలి. తరవాత ఎడమకన్నుతో చూస్తూ మధ్య చక్రం తిప్పి సరిచేసుకుని, కుడికన్నుతో చూస్తూ కుడివైపు ఉండే చిన్న బిళ్ళ తిప్పాలి. రెండు కళ్ళకీ చూపు తేడా ఉంటే ఇదొక్కటి తెలిస్తే చాలు. నాన్నకి కుడికన్ను ఆపరేషన్ అయింది, ఎడమది ఇంకా శుక్లంతోనే ఉంది. ఆ బిళ్ళ తిప్పగానే ఆయన నోరు మూసుకుపోయింది. పది నిమిషాలు మాట్లాడలేదు. తరవాత వేలితో చూపించకుండా, మాటల్లోనే, "మూడో స్టాండు మీద, కుడిచేతి వైపు, ఆ పిల్లకి ఇంకా రెక్కలు రాలేదు" అన్నారు.

అమ్మ బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఉంది. నువ్వూ చూడమ్మా అని ఇచ్చాను. "నాకు చూడ్డం రాదే" అంది.

చూడ్డం రాకపోవడమేమిటి అంటే అప్పుడు చెప్పింది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నాన్న పాతదుర్భిణి ఆవిడ చేతికిచ్చి చూడమన్నారట. రెండు గుండ్రాలు, మధ్యలో నల్లటి నీడ. ఏం కనిపిస్తోందంటే, రెండు గుండ్రాలు కనిపిస్తున్నాయంది. అక్కడున్న మగవాళ్ళందరూ నవ్వారు. "దానికి చూడ్డం రాదురా" అన్నారు మా తాతగారు. అంతే. యాభై ఏళ్ళపాటు ఆవిడకి దుర్భిణిలో చూడ్డం రాదు. ఇంట్లో వస్తువు, తోలు పెట్టెలో, మేకుకి వేలాడుతూ ఉంటే రోజూ దుమ్ము దులిపింది. ఇంకోసారి కంటికి పెట్టుకోలేదు.

మా వారి స్నేహితుడు పాపం ఏమీ అనకుండా ఆవిడ చేతిలో జతని తీసుకుని, మడతబందు దగ్గర మూసి, దగ్గరకి తెచ్చి, మళ్ళీ ఇచ్చారు. "ఇప్పుడు చూడండి పిన్నిగారూ."

కళ్ళమధ్య ఎడం అందరికీ ఒకటి కాదు. కళ్ళజోడు కొలతలు తీసేటప్పుడు షాపువాళ్ళు స్కేలు పెట్టి కొలుస్తారు చూడండి, అది. మగవాళ్ళకి సాధారణంగా 64 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, ఆడవాళ్ళకి కొంచెం తక్కువ. అమ్మది సన్నటి ముఖం, 57. నాన్న పాతదానికి మడతబందు ఆయన ముఖం వెడల్పుకి బిగించి ఉండేది, తరవాత అలాగే తుప్పుపట్టిపోయింది. ఆ ఇంట్లో ఆ వస్తువు ఒక్క ముఖానికే సరిపోయేది. ఎవరికీ దాన్ని వంచి ఆవిడ కళ్ళ దగ్గరకి తెచ్చి ఇద్దామని తోచలేదు. నాన్నకి కూడా.

అమ్మ చాలాసేపు దించలేదు. పులిహోర డబ్బా ఒళ్ళోంచి జారితే నేను పట్టుకున్నాను.

ఇంటికొచ్చాక ఎంపిక రెండింటి మధ్యకి వచ్చింది. రెండూ 8×42లే. ఒకటి పదివేల లోపు, పాత తరహా బెండు గొట్టాలది, బొమ్మ చాలా బాగుంది, కానీ నీళ్ళు పడకూడదు, మడతబందు ఎంత మూసినా కళ్ళమధ్య ఎడం 60 కంటే తగ్గదు. రెండోది మూడువేలు ఎక్కువ. తిన్నటి గొట్టాలది, బరువు ఆరువందల గ్రాముల లోపు, లోపల నైట్రోజన్ నింపి మూసేశారు కాబట్టి తేమ చేరదు, బూజు పట్టదు, ఎడం 56 దాకా వస్తుంది. నాన్నకి ఏదైనా ఒకటే. సముద్రపు గాలికి రెండోదే మంచిదని తమ్ముడికి చెప్పొచ్చు. అదీ నిజమే. కానీ నేను అలా చెప్పదలుచుకోలేదు. ఫోన్ చేసి, అమ్మకి కూడా కనిపించాలి కాబట్టి ఖరీదైనది కొంటున్నాం అన్నాను.

"అమ్మకెందుకక్కా?" అన్నాడు. వాడు చెడ్డగా అనలేదు. నిజంగానే వాడికి అర్థం కాలేదు.

ఫోను స్పీకర్లో ఉంది. నాన్న కుర్చీలోంచే, "మీ అమ్మకి కనపడేదే కొనండి" అన్నారు. అమ్మ వంటింట్లోంచి ఏమీ అనలేదు. సాయంత్రం బీరువాలోంచి తన చీటీ డబ్బు మూడువేలు తీసి టేబుల్ మీద పెట్టింది. "పైది నాది" అంది. నాన్న వద్దనబోతే "మీ మినుముల డబ్బు మీరు పెట్టండి, నా కళ్ళ డబ్బు నేను పెడతా" అని లోపలికి వెళ్ళిపోయింది.

కంపెనీ పేరు రాయడం లేదు. నికాన్, సెలెస్ట్రాన్, బుష్‌నెల్, ఇవన్నీ మనకి దొరుకుతాయి, ఈ ధరలో అన్నిటిలోనూ చూడదగ్గవి ఉన్నాయి. రెండు లక్షలు దాటే ఆస్ట్రియా, జర్మనీ సరుకూ ఉంది, అది మనం అనుకోవద్దు. మా అమ్మ ముఖం వేరు, మీ ముఖం వేరు. ఆన్‌లైన్‌లో కొనేముందు కళ్ళజోడు షాపులో మీ కళ్ళమధ్య ఎడం కొలిపించుకుని ఆ అంకెతో పోల్చుకోండి. వచ్చాక చెయ్యి చాపి పట్టుకుని కంటి అద్దంలోకి చూడండి, వెలుతురు బిళ్ళ నిండు గుండ్రంగా ఉండాలి. అంచులు కోసేసినట్టు చదరంగా నీడపడితే లోపలి గాజు నాసిరకం, వెనక్కి పంపేయండి. తుడవడానికి పైట చెంగు వాడకండి. మా అమ్మకి ఇది చెప్పడానికే నాకు ఒక రోజు పట్టింది. దాచేటప్పుడు గాలి చొరని స్టీలు డబ్బాలో, కొత్త బ్యాగుల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు వేసి పెట్టండి. దుర్భిణితో సూర్యుణ్ణి చూడకూడదని పిల్లలకి మరీ మరీ చెప్పండి.

సంక్రాంతికి వెళ్ళాం. పండగకి ఇప్పటికీ చాటుమాటుగా పిట్టలు అమ్మేవాళ్ళు మా వైపు వస్తారు. వలలు వేసి పడతారు, తుపాకీ చప్పుడు ఉండదు. చట్టప్రకారం అమ్మినవాడికీ కొన్నవాడికీ జైలే. అయినా అల్లుళ్ళకి పరజ కూర పెట్టడం గొప్పగా భావించే ఇళ్ళు ఉన్నాయి. భోగినాడు ఒకతను గోనెసంచీతో గేటు దగ్గర నిలబడి "అయ్యగారికి ఇష్టం కదా" అన్నాడు. నాన్న లేవబోయేలోపే అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఈకలు ఎవరు పీకుతారు, నువ్వు పీకుతావా?" అని అడిగింది. అతను వెళ్ళిపోయాడు. అభయారణ్యం, చట్టం, ఇవేవీ ఆవిడ ఎత్తలేదు.

కనుమ మర్నాడు పొద్దున, ఇంటి వెనక ఊరచెరువులో ఓ పాతిక పరజలు దిగాయి. నాన్న డాబా మీద నుంచి చూసి, రొయ్యల చెరువుల దగ్గర బాణసంచా కాలుస్తుంటే బెదిరి ఇటొచ్చాయన్నారు. దుర్భిణి అమ్మకిచ్చారు. ఇచ్చేముందు మడతబందు తనే దగ్గరకి మూశారు. అది నేను చూశాను.

అమ్మ పిట్టగోడకి మోచేతులు ఆనించి చూస్తోంది. "ఏమేయ్, ఇలా రా" అని నన్ను పిలిచింది. "వీటి కంటిచుట్టూ పసుపుగీత ఉందే. సన్నగా, దారంలాగ. కొన్ని వందలు పీకాను నేను, ఎప్పుడూ చూడలేదు."

"చచ్చినవాటికి కనపడదు" అన్నారు నాన్న.

అమ్మ దుర్భిణి దించకుండానే, "మీరూ చూళ్ళేదు కదా, అన్నేళ్ళు" అంది.

ఇప్పుడు వాళ్ళిద్దరికీ వంతులు. పొద్దున నాన్నది, సాయంత్రం అమ్మది. సాయంత్రం వెలుతురు తనకి కావాలని నాన్న, అప్పుడే తనకి పని తీరుతుందని అమ్మ, దీనిమీద నాకు రోజూ ఫోన్లు. మార్చిలో ఎడమకన్ను ఆపరేషన్ అయ్యాక చూసుకుందామని చెప్పాను. అప్పటికి సైబీరియా పిట్టలు వెళ్ళిపోవడం మొదలుపెడతాయని నాన్న దిగులు. పరజలు ఎక్కడికీ పోవు, అవి మన ఊరివే అంటుంది అమ్మ. తమ్ముడు పోయిన ఆదివారం కమోడ్ పని చూడ్డానికి వెళ్ళి, మేస్త్రీ వచ్చేదాకా అని డాబా ఎక్కాడట. మేస్త్రీ వచ్చి కింద గంటసేపు కూర్చున్నాడని మరదలు చెప్పింది.